కరగని సబ్బు కరిగిన కథ

బజారులో నేడు 'సోప్ బేస్' అనే పేరుతో గాజువలె తళతళలాడే దిమ్మలు దొరుకుతున్నాయి. ఆ దిమ్మను కత్తితో చిన్న ముక్కలుగా కోసి, ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల మీద ఉంచితే కొద్ది నిమిషాలలో ముక్కలన్నీ కరిగి పాకంవలె అవుతాయి. అందులో ఇంత రంగు, రెండు చుక్కలు సువాసన తైలం కలిపి అచ్చులో పోస్తే చల్లారి సబ్బు తయారవుతుంది. ఒక పొర గట్టిపడగానే దానిమీద మరొక రంగు పొర, ఆపైన ఇంకొకటి పోసి, చివరకు అడ్డంగా కోస్తే మిఠాయి దుకాణంలోని రంగుల బర్ఫీకీ దీనికీ తేడా తెలియదు. పదేండ్ల పిల్లలు కూడా పెద్దల పర్యవేక్షణలో ఈ పని చేయగలుగుతున్నారు.

ఇంత సులభమైన పని కదా అని ఎవరైనా బట్టల సబ్బు బిళ్లను ముక్కలు చేసి అలాగే వేడిచేస్తే ఏమవుతుంది? ముక్కలు మెత్తబడి, ఉండలు కట్టి, గిన్నెకు అంటుకొంటాయి. మంట పెంచితే నురుగు కక్కి మాడిపోతాయి. పాకం మాత్రం కావు. సబ్బులో ప్రధానమైన సోడియం లవణాలు శుద్ధస్థితిలో సెంటిగ్రేడు రెండువందల డిగ్రీలు దాటిన తరువాత గాని పూర్తిగా ద్రవం కావు. మరి రెండూ సబ్బులే అయినప్పుడు ఒకటి అరవై, డెబ్భై డిగ్రీలకే కరగటమేమిటి, రెండవది మాడిపోవటమేమిటి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం సిద్ధం కావటానికి సుమారు రెండువందల సంవత్సరాలు పట్టింది. ఆ కథలో ఒక క్షురకుడు, ఒక మందుల తయారీదారు, కొందరు రసాయనజ్ఞులు ఉన్నారు. రెండు ప్రపంచ యుద్ధాలు కూడా ఉన్నాయి.

క్షారం కోసం వెతుకులాట

సబ్బు అంటే కొవ్వుకూ క్షారానికీ కలిగిన సంయోగఫలం. క్రీస్తుశకం 79లో మరణించిన రోమను రచయిత ప్లినీ, గాల్ దేశీయులు కొవ్వునూ బూడిదనూ కలిపి 'సాపో' అనే పదార్థాన్ని తయారుచేస్తారని వ్రాశాడు. వారు దానిని వాడుకొన్నది ఒంటి మురికి వదిలించుకోవటానికి కాదు, జుట్టుకు ఎర్రని రంగు తెచ్చుకోవటానికట! తరువాతి శతాబ్దాలలో సిరియాలోని అలెప్పో, ఫ్రాన్సులోని మార్సేయి నగరాలు ఆలివు నూనె సబ్బుకు పేరుపొందాయి. మార్సేయి సబ్బులో ఆలివు నూనె తప్ప మరే కొవ్వూ వాడరాదని 1688లో పదునాలుగవ లూయీ రాజు శాసనం చేయవలసి వచ్చిందంటే, కల్తీ అప్పటికే ఎంతగా ఉండేదో ఊహించవచ్చు.

తెలుగు దేశంలో ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడు, శీకాయ ఉండేవి. చాకలివారు బట్టలను చౌడుమన్నుతో ఉడకబెట్టేవారు. కుంకుడులో నురుగునిచ్చేది సాపోనిన్ అనే వేరొక పదార్థం. అది సబ్బు కాదు. చౌడులో ఉన్నది మాత్రం సోడియం కార్బొనేటు, అంటే సబ్బుకు కావలసిన క్షారమే. ఆ క్షారమే బట్టలలోని జిడ్డుపై పనిచేసి, అక్కడికక్కడే కొంత సబ్బును తయారుచేసేది. అంటే చాకలి బానలో సబ్బు పుడుతూనే ఉండేది గాని, దానిని వేరుచేసి బిళ్ల కట్టలేదు.

యూరపులో క్షారానికి ఆధారం కట్టెల బూడిద, సముద్రతీరపు మొక్కల బూడిద. పదునెనిమిదవ శతాబ్దం చివరకు గాజుకూ సబ్బుకూ కావలసినంత బూడిద దొరకటం కష్టమైనది. అప్పుడు ఫ్రాన్సుకు చెందిన నికొలా లెబ్లాన్ ఉప్పునుండి సోడా తయారుచేసే పద్ధతి కనిపెట్టి 1791లో పేటెంటు పొందాడు. ఆ ఫలితం అతనికి దక్కలేదు. విప్లవ ప్రభుత్వం అతని కర్మాగారాన్ని స్వాధీనం చేసికొన్నది. 1806లో నిరాశతో ఆత్మహత్య చేసికొన్నాడు. ఆ పద్ధతి మాత్రం యూరపంతా వ్యాపించింది. ఆ కర్మాగారాల నుండి వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువు చుట్టుపక్కల చెట్లను మాడ్చివేస్తుంటే, ఇంగ్లండులో 1863లో క్షార కర్మాగారాల చట్టం చేయవలసి వచ్చింది. 1890 తరువాత ఉప్పునీటి గుండా విద్యుత్తు పంపి దాహక సోడాను నేరుగా పొందే కాస్ట్నర్–కెల్నర్ పద్ధతి రావటంతో సబ్బుకు క్షారం కొరత తీరింది.

గాజువంటి సబ్బు

ఇంగ్లండు నైరుతి కొనన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతపు రైతుబిడ్డ ఆండ్రూ పియర్స్. లండను వచ్చి సోహో ప్రాంతంలో క్షౌరశాల పెట్టుకొని, సంపన్నుల ఇండ్లకు వెళ్లి పని చేసేవాడు. ఆ కాలపు సబ్బులు, ముఖాలంకరణ పొడులు చర్మాన్ని ఎంత బాధిస్తున్నవో అతనికి ప్రతిదినమూ కండ్లముందే కనిపించేది. సబ్బులోని మలినాలను తొలగించి, సున్నితమైన బిళ్ల చేయాలని అతడు చాలాకాలం ప్రయత్నించాడు. 1807లో అతని పారదర్శకమైన సబ్బు వెలువడింది.

పియర్స్ సబ్బు పద్ధతి ఇట్టిది: సబ్బును ఆల్కహాలులో కరిగిస్తారు. కరగని మలినాలు వేరుపడతాయి. ఆల్కహాలులో అధికభాగాన్ని ఆవిరిగా తీసి తిరిగి పట్టుకొని, మిగిలిన ద్రవాన్ని అచ్చులలో పోస్తారు. గట్టిపడిన బిళ్లలను వెచ్చని గదులలో నెలల తరబడి ఆరబెడతారు. మిగిలిన ఆల్కహాలు, నీరు మెల్లమెల్లగా బయటకు పోతుంటే బిళ్ల కుంచించుకొని నడుమ గుంట పడుతుంది. పియర్స్ బిళ్లకు ఆ పల్లపు ఆకారం వచ్చినది ఆరుదలవల్లనే.

ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ. అసలు సబ్బు మీదనే ఇంగ్లండులో 1712 నుండి పన్ను ఉండేది. పన్ను అధికారులు రాత్రివేళ దొంగతనంగా సబ్బు వండకుండా బానల మూతలకు తాళాలు వేసేవారు. ఆల్కహాలుమీద పన్ను వేరు. 1853లో సబ్బు పన్ను రద్దయింది. 1855లో, త్రాగటానికి పనికిరాకుండా కలప స్పిరిటు కలిపిన ఆల్కహాలును పరిశ్రమలు పన్ను లేకుండా వాడుకోవచ్చునని చట్టం వచ్చింది. తరువాత థామస్ బారట్ అనే వ్యాపారి ఈ సబ్బుకు ప్రకటనలతో ఎక్కడలేని ప్రఖ్యాతి తెచ్చాడు. మిలే అనే చిత్రకారుడు బుడగలు ఊదుతున్న బాలుని 1886లో చిత్రిస్తే, ఆ చిత్రాన్నే సబ్బు ప్రకటనగా మార్చివేశాడు. నేడు ఆ సబ్బు భారతదేశంలో కూడా తయారవుతున్నది.

నిమ్మరసం చెప్పే రహస్యం

మామూలు సబ్బు తెల్లగా, మసకగా ఉండటానికి కారణం దానిలోని స్ఫటికాలు. సబ్బు చల్లారేటప్పుడు దాని అణువులు వరుసలు తీరి లెక్కలేనన్ని సన్నని స్ఫటికాలుగా, నారలుగా ఏర్పడతాయి. లోపలికి పోయిన కాంతి ఈ స్ఫటికాల అంచుల వద్ద అటూ ఇటూ చెదరిపోతుంది. పటికబెల్లపు పలుకు పారదర్శకంగా ఉండి, అదే దంచితే తెల్లని పొడి అయినట్లే ఇదీ.

మరి ఆల్కహాలు ఏమి చేస్తుంది? వంట తెలిసిన తెలుగు ఇల్లాలికి దీని జవాబు కొత్త కాదు. పంచదార పాకం మళ్లీ పంచదారగా గడ్డకట్టకుండా అందులో రెండు చుక్కలు నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని వేరు చక్కెరలుగా విడగొడుతుంది. ఆ కొత్త అణువులు మధ్యలో అడ్డుపడి, పంచదార అణువులను వరుసలు కట్టనీయవు. సబ్బులో ఆల్కహాలు, గ్లిసరిను, పంచదార చేసేది కూడా అడ్డుపడటమే. స్ఫటికాలు కాంతిని చెదరగొట్టేంత పెద్దవి కాలేవు. బిళ్ల గాజువలె ఉంటుంది.

ఇక్కడనే రెండవ లాభం కూడా దాగి ఉన్నది. గట్టి స్ఫటికాల కట్టడాన్ని విడదీయటానికి చాలా వేడి కావాలి. గ్లిసరిను వంటి ద్రవాలు నడుమ నిండి ఉన్న సబ్బు అంత గట్టిగా అల్లుకొని ఉండదు. కొద్దిపాటి వేడికే ఆ ద్రవాలలో కరిగిపోతుంది. చల్లారితే తిరిగి బిగుసుకొంటుంది. కాంతిని పోనిచ్చే గుణానికీ, సులభంగా కరిగే గుణానికీ మూలం ఒక్కటే.

పారబోసిన తీపి

గ్లిసరిను కథ సబ్బు కథకంటె విచిత్రమైనది. 1779లో స్వీడను దేశపు మందుల తయారీదారు కార్ల్ షీలే ఆలివు నూనెను సీసపు భస్మంతో కలిపి కాచినప్పుడు ఒక తియ్యని ద్రవం లభించింది. కొవ్వులో తీపి ఉన్నదని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. దీని అర్థం తేల్చినవాడు ఫ్రెంచి రసాయనజ్ఞుడు మిషెల్ షెవ్రూల్. 1811లో ఒక సబ్బు నమూనాను పరీక్షించటంతో మొదలుపెట్టి, 1823లో తన పరిశోధనలను గ్రంథంగా ప్రకటించాడు. కొవ్వు క్షారంతో ఊరకే కలిసిపోవటం లేదనీ, రెండుగా విడిపోతున్నదనీ ఆయన నిరూపించాడు. అందులో ఒక భాగం కొవ్వు ఆమ్లాలు. ఇవి క్షారంతో కలిసి సబ్బవుతాయి. రెండవ భాగం షీలే చూచిన తియ్యని ద్రవం. తీపి అని అర్థమిచ్చే గ్రీకు మాటనుండి షెవ్రూల్ దానికి గ్లిసరిను అని పేరు పెట్టాడు. నూటరెండేండ్లు జీవించి 1889లో మరణించిన ఈ మహనీయుడు, రెండువేల ఏండ్లుగా వండుతున్న సబ్బు ఏమిటో మొదటిసారి లోకానికి తెలియజెప్పాడు.

నూరు కిలోల కొవ్వు సబ్బుగా మారితే సుమారు పది కిలోల గ్లిసరిను బయటపడుతుంది. సబ్బు బానలో ఉప్పు వేస్తే సబ్బు పైకి తేలి, గ్లిసరిను అడుగున ఉన్న ఉప్పునీటిలో ఉండిపోతుంది. చాలాకాలం ఆ నీటిని కాలువలలోకి పారబోశారు.

1847లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అస్కానియో సొబ్రేరో గ్లిసరినును నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంతో కలిపి నైట్రోగ్లిసరినును తయారుచేయటంతో పరిస్థితి మారింది. అది ప్రేలినప్పుడు సొబ్రేరో ముఖానికే గాయాలయినాయి. 1864లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ ఈ పదార్థపు ప్రేలుడులోనే మరణించాడు. 1867లో నోబెల్ దానిని ఒక విధమైన మెత్తని మట్టిలో ఇంకించి డైనమైటును తయారుచేశాడు. అప్పటినుండి సబ్బు బానలోని మురికినీటికి విలువ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు ఫిరంగులకు కావలసిన కార్డైటు అనే ప్రేలుడు మందుకు నైట్రోగ్లిసరిను అవసరమైనది; సబ్బు కర్మాగారాలు యుద్ధానికి సరఫరాదారులైనాయి. కొవ్వు కరువైన జర్మనీలో కాన్‌స్టైన్, ల్యూడెకె అనే శాస్త్రజ్ఞులు చక్కెరను పులియబెట్టి గ్లిసరిను తీసే పద్ధతిని అమలుపరిచారు. రెండవ యుద్ధ కాలంలో, 1942 నుండి, అమెరికా గృహిణులు పెనంలో మిగిలిన కొవ్వును డబ్బాలలో కూడబెట్టి ప్రభుత్వ కోరికపై దుకాణాలలో అప్పగించారు. వంటింటి కొవ్వు ఫిరంగి మందుగా మారిన కాలమది.

ఇంత గిరాకీ ఉన్న గ్లిసరినును సబ్బులోనే వదలివేయటం చాలాకాలం ఖరీదైన విలాసమే. నేడు పరిస్థితి తారుమారైనది. నూనెల నుండి బయోడీజిల్ తయారుచేసేటప్పుడు కూడా బరువులో సుమారు పదవవంతు గ్లిసరిను వెలువడుతుంది. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరాల నుండి ఈ ఉత్పత్తి పెరిగి గ్లిసరిను సమృద్ధిగా దొరుకుతున్నది. ఒకప్పుడు పారబోసినది, తరువాత యుద్ధానికి పోయినది, చివరకు సబ్బులోకి తిరిగి వచ్చింది.

పొరలు పోయటంలోని శాస్త్రం

నెలల తరబడి ఆరబెట్టే పని లేకుండా పారదర్శక సబ్బు చేయటం ఇరువదవ శతాబ్దంలో సాధ్యమైనది. సోడాతోపాటు ట్రైఇథనోలమీన్ అనే సేంద్రియ క్షారాన్ని వాడిన సబ్బులు వచ్చాయి. 1954లో అమెరికాలో వెలువడిన న్యూట్రొజీనా బిళ్ల ఇటువంటిదే. నేటి సోప్ బేస్‌లో సాధారణంగా కొబ్బరి, పామ్ నూనెల సబ్బు, గ్లిసరిను, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ లేక పంచదార, నీరు ఉంటాయి. చాలావాటిలో నురుగుకోసం కృత్రిమ డిటర్జెంటు కూడా కలుపుతారు. తెల్లని బేస్‌లో అదనంగా ఉండేది టైటానియం డయాక్సైడు పొడి.

పొరల సబ్బు చేసేవారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. బేస్‌ను కరిగించాలే గాని మరిగించరాదు. మరిగితే నీరు ఆవిరైపోయి బిళ్ల పెళుసెక్కుతుంది, బుడగలు పట్టుకొంటాయి. మొదటి పొర పైన మీగడ కట్టినట్లు గట్టిపడి, లోపల ఇంకా వెచ్చగా ఉండగానే రెండవ పొర పోయాలి. పైపొర మరీ వేడిగా ఉంటే క్రిందిపొరను కరిగించి రంగులు కలిపివేస్తుంది. క్రిందిపొర పూర్తిగా చల్లారిపోతే రెండూ అతకక, వాడేటప్పుడు విడిపోతాయి. యాభై, యాభైఅయిదు డిగ్రీల వద్ద పోయటం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. క్రిందిపొరను ఫోర్కుతో కొద్దిగా గీరి, ఆల్కహాలు చిలకరిస్తే పట్టు కుదురుతుంది. ఆల్కహాలు ద్రవపు తలతన్యతను తగ్గిస్తుంది గనుక పైన తేలిన బుడగలు కూడా పగిలిపోతాయి. కాని ఆల్కహాలు ఇట్టే అంటుకొనే ద్రవం; మండుతున్న స్టవ్ దరిదాపులకు దానిని తేరాదు.

రంగుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. నీటిలో కరిగే రంగులు కొన్నాళ్లకు ఒక పొరనుండి పక్క పొరలోకి పాకి, గీతలు చెరిపివేస్తాయి. పొరలలో ద్రవం ఉన్నది గదా, దాని గుండా రంగు అణువులు విసరణం చెందుతాయి. అభ్రకం, ఐరన్ ఆక్సైడు వంటి కరగని పొడులు ఉన్నచోటనే ఉంటాయి. అందుచేత గీతలు నిలవాలంటే చర్మానికి హాని చేయని ఇటువంటి పొడులనే వాడాలి.

కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో ఈ సబ్బు చేసినవారికి మరొక వింత కనిపిస్తుంది. వర్షాకాలంలో బిళ్లపై చెమటవలె నీటి బిందువులు తేలుతాయి. సబ్బు చెడిపోయిందని భయపడనవసరం లేదు. గ్లిసరిను గాలిలోని తేమను తనవైపు లాగుకొంటుంది. ఆ తేమే ఈ చెమట. చల్లారిన వెంటనే బిళ్లను ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టి ఉంచితే ఈ చిక్కు ఉండదు.

తళుకు, స్వచ్ఛత

పియర్స్ కాలం నుండి ఒక నమ్మకం స్థిరపడింది: గుండా చూడగలిగిన సబ్బు స్వచ్ఛమైన సబ్బు అని. ఆనాడు అందులో కొంత నిజం లేకపోలేదు. ఆల్కహాలులో కరగని మలినాలు వేరుపడేవి గదా. కాని నేడు సబ్బు పారదర్శకంగా ఉన్నదంటే అందులో స్ఫటికాలను అడ్డగించే పదార్థాలు తగినంత ఉన్నాయని మాత్రమే అర్థం. మార్సేయి సబ్బు మసకగానే ఉంటుంది, పారదర్శకమైన బిళ్లలో సబ్బు కాని పదార్థాలు ఎన్నో ఉంటాయి. ఏది చర్మానికి సరిపడుతుందో తళుకు చెప్పదు. అట్ట మీద అచ్చువేసిన పదార్థాల పట్టిక చెబుతుంది.

'క్షారం వాడని సబ్బు' అని అమ్మేవారి మాట కూడా ఇటువంటిదే. క్షారం లేకుండా సబ్బు పుట్టదు. కరిగించి పోసే సబ్బులో ఆ పని కర్మాగారంలో ముందే పూర్తయింది, అంతే. ఇది చిన్న మేలేమీ కాదు. దాహక సోడా కంటిలో పడితే చూపు పోగలదు. చర్మం మీద పడితే కాలుతుంది. అటువంటి పదార్థాన్ని పిల్లలు తిరిగే వంటింటి నుండి తప్పించటమే ఈ సబ్బు చేసిన నిజమైన ఉపకారం. అయితే కరిగిన బేస్ కూడా కాగిన పాకమే. చేతిమీద పడితే బొబ్బలెక్కుతుంది. మిఠాయివలె కనిపించే ఈ రంగుల ముక్కలను పసిపిల్లలకు అందకుండా దాచటం మరొక జాగ్రత్త.

షీలే ఆనాడు నాలుకపై చూచిన తీపి, సొబ్రేరో ముఖాన్ని గాయపరచిన ప్రేలుడు, పియర్స్ నెలల తరబడి ఆరబెట్టిన బిళ్ల, ఇవన్నీ నేటి గిన్నెలోని పాకంలో కలిసి ఉన్నాయి. ఇక మీదట ఎవరి ఇంటనైనా ఎరుపు పొరమీద తెలుపు పొర పోస్తున్నప్పుడు, ఆ సబ్బు ఎందుకు కరిగిందని ఒక పిల్లవాడు అడిగితే, చెప్పటానికి జవాబు సిద్ధంగా ఉన్నది. వంటింట్లోని పాకాన్నీ, నిమ్మచెక్కనూ చూపించి మొదలుపెడితే సరిపోతుంది.